పాత మియాటాలో పెడళ్ళు మన కాళ్ళకి సరిపెట్టుకోవటం

నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. పాదం ఎంత చిన్నదంటే ఇక్కడి షాపుల్లో పిల్లల సెక్షన్లో బూట్లు కొనుక్కుంటాను. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, కింద రాసిన కొలతలన్నీ ఈ కాళ్ళవి. మీరు ఆరడుగుల మనిషైతే అంకెలు వదిలేసి పద్ధతి ఒక్కటీ తీసుకోండి.

కారు 1996 మాజ్డా మియాటా, టాప్ తీసే రకం, తెల్లది, ఐదు గేర్లు, లైట్లు వేస్తే కప్ప కళ్ళలా పైకి లేస్తాయి. నార్త్ కరొలినాలో క్యారీలో ఉంటాం. రెండేళ్ళ కిందట సెకండ్ హ్యాండులో కొన్నాను. నాకు అమ్మినాయన బాగా పొడుగు, అందులోంచి దిగటానికి ముందు ఒక మోకాలు, తర్వాత తల, తర్వాత రెండో మోకాలు వచ్చేవి. ఈ కారు గురించి మాజ్డావాళ్ళు "జింబా ఇత్తాయ్" అని చెప్పుకుంటారు, గుర్రమూ రౌతూ ఒకటైపోవటం అని. గుర్రం మంచిదే. రికాబులు మాత్రం ఆయన కాళ్ళకి కట్టి ఉన్నాయి.

క్లచ్ పూర్తిగా దిగాలంటే సీటు చివరిదాకా ముందుకి లాగాలి. అలా లాగితే స్టీరింగ్ నా గుండెకి ఎనిమిది అంగుళాల దూరంలో ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్‌కీ రొమ్ము ఎముకకీ మధ్య కనీసం పది అంగుళాలు ఉండాలని ఇక్కడి రోడ్డు భద్రత సంస్థ చెప్తుంది. ఈ తరం మియాటాలో స్టీరింగ్ పైకీ కిందకీ కదలదు, ముందుకీ వెనక్కీ రాదు. సీటు ఎత్తు మార్చే ఏర్పాటూ లేదు. ఇక మిగిలింది పెడళ్ళే. నలభై నిమిషాలు నడిపితే ఎడమ మోకాలి చిప్ప కింద సూది గుచ్చినట్టుండేది.

మా బాబాయికి విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో షెడ్డు ఉండేది, ముప్పై ఏళ్ళు చేసి ఇప్పుడు మానేశాడు. వీడియో కాల్లో చూపించాను. నా చేతిలో పానా చూడగానే ఆయన అన్న మాట: "అమ్మడూ, అది కింద పెట్టు. ముందు కాళ్ళకింద ఏముందో తియ్యి."

తీశాను. పైన రబ్బరు మ్యాటు. దాని కింద ఇంకో మ్యాటు, ఈ కారుది కాదు, అంచులు కత్తిరించి కూర్చోబెట్టారు. రెండూ తీసేసరికి క్లచ్ పెడల్ కిందకి ఇంకో సెంటీమీటరున్నర దిగింది. అంటే పొడుగాయన కాళ్ళకి తెలియని అడ్డం నా కాళ్ళకి తెలిసింది. ఒక్క పానా తిప్పకుండా సగం బాధ పోయింది. మ్యాటు సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2009 ఆగస్టులో శాన్ డియాగో దగ్గర ఒక లెక్సస్‌లో వేరే మోడల్ మ్యాటు వేసి ఉండటంతో గ్యాస్ పెడల్, అంటే యాక్సిలరేటర్, దానికింద ఇరుక్కుపోయి నలుగురు చనిపోయారు. ఒకే మ్యాటు, ఆ కారుకి కుట్టింది, జారకుండా కొక్కెం ఉన్నది. అంతే.

తర్వాత పెడళ్ళ మీద తొడుగులు. పాత స్పోర్ట్స్ కారు కొంటే నూటికి తొంభై పాళ్ళు ఎవరో ఒకరు మెరిసే అల్యూమినియం తొడుగులు వేసే ఉంటారు. నా దాంట్లో బ్రేకు తొడుగుకి ఉండాల్సిన స్క్రూల్లో ఒకటి లేదు, వేలితో తోస్తే పక్కకి తిరుగుతోంది. మొత్తం పీకేసి కంపెనీ రబ్బర్లు కొత్తవి వేశాను. తడి బూటుతో కూడా జారవు. తొడుగు మందం పోయింది కాబట్టి పెడల్ ఇంకాస్త కిందకి వెళ్ళింది, ఆ లెక్క కూడా మనసులో పెట్టుకోండి.

అప్పుడు సీటు. వీపు వెనక దిండు పెట్టుకుని నడపటం మన ఇళ్ళలో అలవాటే, నేనూ విజయవాడలో నాన్న మారుతి మీద అలాగే నేర్చుకున్నాను. కానీ దిండు జారుతుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు మనం ముందుకి, దిండు పక్కకి. నేను చేసింది ఇంతే: సీటు కవరు కిందనుంచి విప్పి, వీపు వైపు రెండంగుళాల గట్టి ఫోము దూర్చి మళ్ళీ బిగించాను. దానికి ఒక శనివారం పోయింది. ఇప్పుడు సీటు పట్టాల మీద కాస్త వెనక్కి ఉన్నా నా నడుముకి ఆసరా దొరుకుతోంది. కొలత ఎప్పుడు తీసుకోవాలంటే, క్లచ్ నేలకి ఆనేలా తొక్కి పట్టినప్పుడు మోకాలు ఇంకా కొంచెం వంగి ఉండాలి. కాలు నిటారుగా సాగిందంటే దూరం ఎక్కువైనట్టు. సీటు ఇలా కుదిరాకే పెడల్ జోలికి వెళ్ళాలి. తారుమారు చేస్తే రెండుసార్లు పని.

ఇక తల కిందకి పెట్టే భాగం. డాష్‌బోర్డు కిందకి వెళ్ళటానికి మర్యాదైన భంగిమ ఏదీ లేదు. సీటు పూర్తిగా వెనక్కి తోసి, కాళ్ళు సీటు వీపు మీదకి వేసి, తల పెడళ్ళ కింద పెట్టుకుని పడుకోవాలి. టాప్ తీసి ఉంచితే కాళ్ళకి చోటు ఉంటుంది. నుదుటికి కట్టుకునే లైటు ఉంటే మంచిది. మా అపార్ట్‌మెంట్ పార్కింగులో ఒకావిడ నా కాళ్ళు చూసి పోలీసులకి ఫోన్ చెయ్యాలా అని అడిగింది.

అక్కడ పడుకుని ముందు చూడాల్సింది అరుగుదల. క్లచ్ పెడల్ని చేత్తో పట్టుకుని ఎడమకీ కుడికీ ఊపండి. టకటకా కొట్టుకుంటే పైన బుష్షులు పోయాయి. పెడల్ నుంచి ఒక ఇనప రాడ్డు, ఇంజనుకీ మనకీ మధ్యనున్న గోడలోకి వెళ్తుంది, అదే పుష్ రాడ్డు. అది పెడల్‌కి తగులుకునే చోట ఒక అడ్డ పిన్ను ఉంటుంది. ఆ పిన్ను, అది దూరిన బెజ్జం అరిగి కోడిగుడ్డు ఆకారంలో ఉంటే ఎంత సర్దినా పెడల్లో ఆ వదులు పోదు. నాది పిన్ను మారిస్తే సరిపోయింది, కాఫీ డబ్బుల్లో పని. తర్వాత రాడ్డు గోడలోకి దూరే చోట వేలు పెట్టి చూడండి. తడిగా, జిడ్డుగా ఉంటే క్లచ్ మాస్టర్ సిలిండర్, అంటే మన తొక్కుడుని ఆయిల్ ఒత్తిడిగా మార్చి పంపేది, కారుతోంది. మియాటాలో క్లచ్‌కి విడిగా చిన్న డబ్బా ఉంటుంది, బానెట్ తీసి దాంట్లో ఆయిల్ మట్టం కూడా చూడండి. కింద గేర్‌బాక్సు పక్కన, ఆ ఒత్తిడి అందుకుని క్లచ్‌ని విడదీసే స్లేవ్ సిలిండర్ ఉంటుంది, దాని రబ్బరు తొడుగు అంచు లేపితే లోపల తడి ఉండకూడదు. ఈ కార్లలో స్లేవ్ పోవటం చాలా మామూలు. కారుతుంటే ముందు అది మార్చి, ఎయిర్ తీసి, ఆ తర్వాతే సర్దుబాటు. "కారేదాన్ని సర్దటమంటే చిల్లు కుండకి రంగు వెయ్యటం" అంటాడు బాబాయి.

అన్నీ బాగుంటే టేపు తీసుకోండి. ఏం ముట్టుకోకముందే మూడు కొలతలు రాయాలి. పెడల్ వదిలేసినప్పుడు నేల నుంచి దాని మధ్యకి ఎంత ఎత్తు. వేలితో మెల్లగా నొక్కితే బరువు తగిలేలోపు ఎంత వదులు, దాన్నే ప్లే అంటాం. బండి మొదటి గేర్లో కదలటం మొదలుపెట్టే చోట నేలకీ పెడల్‌కీ మధ్య ఎంత ఉంది. మూడోది సమతలం మీద, హ్యాండ్ బ్రేకు సగం వేసి, పక్కన ఒకరు కూర్చుని చూడాలి. మా ఆయన కర్ర స్కేలు పట్టుకుని వంగి కూర్చున్నాడు, "ఇప్పుడు" అనటం తప్ప ఆయనకి ఇంకేం పని లేదు. మీ సంవత్సరం వర్క్‌షాప్ మాన్యువల్లో ఈ అంకెలుంటాయి. కార్పెట్ మీదనుంచి కొలవాలా, ఇనప నేలమీదనుంచా అన్నది మాత్రం జాగ్రత్తగా చూసుకోండి, అక్కడే అందరూ తప్పుతారు.

క్లచ్‌కి తిప్పాల్సినవి రెండు. ఒకటి పెడల్ వెనక్కి వచ్చి ఆగే చోట ఉన్న బోల్టు, కొన్ని కార్లలో బోల్టు బదులు స్విచ్చే ఆ పని చేస్తుంది. అది పెడల్ ఎత్తు నిర్ణయిస్తుంది. రెండోది పుష్ రాడ్డు. అది ప్లే నిర్ణయిస్తుంది, క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో నిర్ణయిస్తుంది. రెండింటికీ కదలకుండా బిగించి ఉంచే చెక్ నట్టు ఉంటుంది, అది వదులు చెయ్యకుండా ఏదీ తిరగదు. నా దాంట్లో రాడ్డు చెక్ నట్టుకి 12 పానా పట్టింది.

వదులు చేసే ముందు గోళ్ళ రంగు తెచ్చుకోండి. నవ్వకండి. నట్టు మీదనుంచి రాడ్డు మీదకి ఒక సన్న గీత గీస్తే, ఎంత తిప్పామో ఎప్పుడైనా తెలుస్తుంది, మొదటికి రావచ్చు. నేను ఎర్రది వాడాను. చీకట్లో, తల కిందులుగా ఉన్నప్పుడు ఎర్ర గీత బాగా కనిపిస్తుంది. రాడ్డుని ప్లయరుతో పట్టాలి, పళ్ళు గీతలు పడకుండా మధ్యలో గుడ్డ పెట్టండి. ఒక్కోసారి అర చుట్టు మాత్రమే. అర చుట్టు తిప్పటం, బయటకి రావటం, కూర్చుని తొక్కి చూడటం, మళ్ళీ కిందకి. విసుగే. కానీ ఈ అర చుట్టు కాలికి బాగా తెలుస్తుంది.

రాడ్డు పొడుగైతే ప్లే తగ్గుతుంది, క్లచ్ తొందరగా విడుతుంది, పట్టుకునే చోటు నేలకి దూరంగా, పైకి జరుగుతుంది. కాళ్ళు పొట్టివాళ్ళకి కావాల్సింది అదే, నేలదాకా గుచ్చక్కర్లేదు. రాడ్డు పొట్టిదైతే అన్నీ తిరగబడతాయి. పెడల్ ఎత్తు తగ్గించాలని ఆపే బోల్టుని లోపలికి తిప్పితే పెడల్ ముందుకి జరుగుతుంది, దానితోపాటే రాడ్డు కూడా సిలిండర్లోకి జరుగుతుంది. అందుకని బోల్టు ఎంత లోపలికి వెళ్ళిందో దానికి తగ్గట్టు రాడ్డు పొట్టి చేసి, ప్లే మళ్ళీ తెచ్చుకోవాలి. ఈ రెండోది మర్చిపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

మొదటిసారి సర్దినప్పుడు పెడల్ ఎంత హాయిగా ఉందంటే, పైన ఆ కొంచెం వదులు మాత్రం ఎందుకని అది కూడా తీసేశాను. కాలు పెట్టగానే పని చేస్తోంది. ఊళ్ళో రెండు రోజులు బ్రహ్మాండం. శనివారం 421 హైవే మీద కొండల్లో ఉన్న బూన్ వైపు బయల్దేరాం. విల్క్స్‌బరో దాటి డీప్ గ్యాప్ ఎక్కుతుంటే నాలుగో గేర్లో గ్యాస్ తొక్కాను. ఇంజను తిరుగుడు చూపే ముల్లు నాలుగు వేలు దాటి పైకి పోతోంది, బండి మాత్రం అదే వేగం. ఇంకొంచెం తొక్కితే ఇంకొంచెం మోత, అంతే. తర్వాత వాసన, బ్రేకు లైనింగు కాలినట్టు. పక్కకి ఆపి బానెట్ తెరిచాను, అక్కడ చూడటానికేమీ లేదని తెలిసి కూడా. బాబాయికి అక్కడ రాత్రి, అయినా ఎత్తాడు. "ప్లే ఎంత పెట్టావ్?" అన్నాడు. నేను మాట్లాడలేదు. "అదే."

సంగతేమిటంటే, మాస్టర్ సిలిండర్ లోపల ఒక చిన్న బెజ్జం ఉంటుంది, పై డబ్బాలోకి దారి. పెడల్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు పిస్టన్ ఆ బెజ్జాన్ని తెరవాలి. రాడ్డు పిస్టన్‌ని వెంట్రుకవాసి నొక్కి ఉంచినా బెజ్జం మూసుకునే ఉంటుంది. బండి వేడెక్కేకొద్దీ లోపలి ఆయిల్ ఉబ్బుతుంది, పైకి పోయే దారి లేదు, ఆ ఒత్తిడంతా క్లచ్ మీదే. ఎవరో పెడల్ మీద కాలు పెట్టుకుని కూర్చున్నట్టే లెక్క. రోడ్డు పక్కన తల కిందులుగా పడుకుని రాడ్డు ఒక చుట్టు పొట్టి చేశాను. గంట చల్లారనిచ్చాక మళ్ళీ ఎక్కింది. క్లచ్ ప్లేటు అదృష్టం కొద్దీ బతికింది. కాబట్టి ప్లే అనేది అరుగుదల కాదు, కావాలని వదిలిన సందు. వేలికి స్పష్టంగా తెలియాలి.

ప్లే మరీ ఎక్కువైనా చిక్కే. సర్దుబాటు అయ్యాక ఇంజను ఆన్ చేసి, క్లచ్ నేలకి తొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వెయ్యండి. కరకరమంటే క్లచ్ పూర్తిగా విడటం లేదు, రాడ్డు ఇంకొంచెం పొడుగు కావాలి, లేదా పెడల్ ఎత్తు మరీ తగ్గించేశారు. తర్వాత ఖాళీ ఎత్తు రోడ్డు మీద పై గేర్లో, తక్కువ వేగంలో గ్యాస్ పూర్తిగా తొక్కండి. ముల్లు ఒంటరిగా ఎగిరితే ప్లే లేదు. ఈ రెండు పరీక్షల మధ్య ఎక్కడో మీ కాలికి నచ్చిన చోటు ఉంటుంది. రెండోది బండి చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట నడిపాక ఒకసారి చెయ్యాలి, నా పాఠం అదే కదా. అమెరికా బండ్లలో క్లచ్ తొక్కితేగానీ స్టార్ట్ కాకుండా ఇంకో స్విచ్ ఉంటుంది. పెడల్ ఎత్తు మారాక అది కూడా అందుతోందో లేదో ఇంటి దగ్గరే నాలుగైదుసార్లు స్టార్ట్ చేసి చూసుకోండి, బంకులో కాదు.

బ్రేకు గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే తక్కువే ముట్టుకోవాలి. దానికీ అదే బెజ్జం, అదే సూత్రం. కాకపోతే అక్కడ ప్లే పోతే చక్రాలు పట్టేసుకుంటాయి, వేడెక్కేకొద్దీ ఇంకా గట్టిగా. పెడల్ వెనకున్న స్టాప్ లైట్ స్విచ్చు మరీ ముందుకి జరిపితే పెడల్‌ని నొక్కి ఉంచుతుంది, మరీ వెనక్కి జరిపితే వెనక ఎర్ర లైట్లు ఆరవు, పొద్దున్నకి బ్యాటరీ ఉండదు. బ్రేకు పెడల్ లోతుకి పోతోందని రాడ్డు తిప్పేవాళ్ళున్నారు. మియాటాలో అలా లోతుకి పోవటానికి చాలాసార్లు వెనక చక్రాల దగ్గర బ్రేకు ప్యాడ్లని నొక్కే కాలిపర్లే కారణం. హ్యాండ్ బ్రేకు కూడా వాటితోనే పని చేస్తుంది కాబట్టి వాటి వెనక చిన్న ఎలెన్ స్క్రూతో ప్యాడ్లు దగ్గర చేసే ఏర్పాటు ఉంటుంది. అది సరిచేస్తే పెడల్ దానంతటదే పైకొస్తుంది. మెత్తగా స్పంజిలా ఉంటే అది ఎయిర్, పానా పని కాదు. బ్రేకులు విప్పిన అలవాటు లేకపోతే ఈ పేరా మెకానిక్‌కి చూపించండి.

గ్యాస్ పెడల్, బాబాయి భాషలో రేసు. ఇది కేబుల్. నా బండిలో మొదటి అంగుళం తొక్కినా ఏమీ జరిగేది కాదు, తర్వాత ఒక్కసారిగా ఉరికేది. బానెట్ కింద త్రాటిల్, అంటే ఇంజనులోకి గాలి వదిలే మూత, దగ్గర కేబుల్‌ని పట్టి ఉంచే బ్రాకెట్‌కి అటూ ఇటూ రెండు నట్లుంటాయి. ఒకటి వదులు చేసి రెండోది బిగిస్తే కేబుల్ ముందుకీ వెనక్కీ జరుగుతుంది. వేలితో నొక్కితే కేబుల్ కొద్దిగా కదిలేంత వదులు ఉంచండి. ఇంజను వేడెక్కాక ఐడిలింగు పెరిగిందంటే మరీ బిగించారు. ఇంజను ఆపి, ఒకరిని పెడల్ నేలకి తొక్కమని మీరు త్రాటిల్ చూడండి. పెడల్ ఆగే చోటే అదీ పూర్తిగా తెరుచుకోవాలి. త్రాటిల్ ముందే ఆగిపోయి పెడల్‌కి ఇంకా చోటుంటే, ఆ బలమంతా పాత కేబుల్ మీద పడుతుంది.

గేరు తగ్గించేటప్పుడు బ్రేకు మీద కాలుంచే, అదే పాదం అంచుతో రేసు ఇవ్వటం ఈ కార్లవాళ్ళకి పిచ్చి. మియాటాలో గ్యాస్ పెడల్ బ్రేకు కంటే లోతుగా ఉంటుంది, నాలాంటి చిన్న పాదానికి అందదు. చాలామంది గ్యాస్ పెడల్ కాడని వైస్‌లో పెట్టి వంచుతారు. నాకు ఇనుము వంచటం ఇష్టం లేదు, వంచినదాన్ని మళ్ళీ వంచలేం. పెడల్ మొహం మీద అర అంగుళం అల్యూమినియం దిమ్మ బోల్టులతో బిగించాను, నైలాన్ నట్లతో, వదులు కాకుండా. ఏది చేసినా ఒక హద్దు ఉంది: ఇంజను నడుస్తుండగా బ్రేకు గట్టిగా తొక్కి పట్టినప్పుడు గ్యాస్ మొహం బ్రేకు మొహం కంటే ఎత్తులో ఉండకూడదు. కంగారులో బ్రేకు తొక్కినప్పుడు పాదం రెండింటి మీదా పడుతుంది. నాకు వేలి మందం తేడా ఉంది, చాలు.

చివరికి నా మోకాలిని నిజంగా కాపాడింది వీటిలో ఏదీ కాదు, ఒక చెక్క ముక్క. నా మడమ నేలకి ఆనితే వేళ్ళు పెడల్ మధ్యకి అందవు, అందేలా లేపితే మడమ గాల్లో. కాలంతా తొడ మోస్తోంది, నొప్పి అక్కడినుంచి. పావు తక్కువ అంగుళం ప్లైవుడ్‌ని డ్రైవర్ నేలకి సరిపడా కోసి, ముందు అంచు పెడళ్ళ కిందకి రాకుండా నాలుగు అంగుళాల ముందే ఆపేశాను. అడుగున అంటుకునే వెల్‌క్రో పట్టీలు, వెనక అంచు సీటు పట్టా బోల్టుకి ఒక రేకు ముక్కతో బిగింపు. పైన మ్యాటు. మూడు పెడళ్ళూ నేలదాకా తొక్కి, ఎక్కడా చెక్కకి తగలటం లేదని చూసుకున్నాను, తర్వాత చెక్కని కాలితో తన్ని చూశాను, కదల్లేదు. మడమ ఆనింది. ఇప్పుడు స్టీరింగ్‌కీ నాకూ మధ్య పదకొండు అంగుళాలు.

పని అయ్యాక అన్ని చెక్ నట్లూ మళ్ళీ ఒకసారి పానా పెట్టి చూడండి, వంద మైళ్ళు తిరిగాక ఇంకోసారి. గోళ్ళ రంగు గీత విరిగి ఉంటే ఏదో కదిలినట్టే.

గ్లవ్ బాక్సులో ఒక చీటీ పెట్టాను, నా తర్వాత కొనేవాళ్ళ కోసం. క్లచ్ రాడ్డూ ఆపే బోల్టూ ఎన్నెన్ని చుట్లు తిప్పానో, గ్యాస్ మీద దిమ్మ, నేల మీద చెక్క, సీటులో ఫోము. ఏది ఎటు తిప్పితే కంపెనీ కొలతకి వస్తుందో బాణం గుర్తులు వేశాను. పైన పెద్దక్షరాలతో: నువ్వు పొడుగు మనిషివైతే ముందు చెక్క తీసెయ్.